పదకొండు కేజీలు

ఆకివీడు కాలవగట్టు మీద, మూతబడ్డ ధాన్యం మిల్లులో
ఊక కుప్ప తవ్వితే బయటపడింది కారు.
పందేల కోసం కంపెనీయే తేలిక చేసి పంపిందట,
మద్రాసు దగ్గర పాత రన్‌వే మీద
పావు మైలు ఉరకడానికి.
రేడియో లేదు, వెనక సీటు లేదు,
అద్దం దించే పిడి బదులు ఒక తోలు పట్టీ.

రెండేళ్లు దాని కిందే పడుకున్నాను.
ఉప్పుటేటి గాలి కొరికిన చోటల్లా కొత్త రేకు అతికాను,
పుట్టీ పెట్టి, నీళ్ల కాగితం పట్టి, మళ్లీ పెట్టి,
బానెట్‌లో చూసుకుని గెడ్డం గీసుకునేంత
నునుపు తేల్చాను.
"అద్దం చేసేశావు కదయ్యా గంగాధరం" అని
రొయ్యల చెరువుల వర్మ గారు
జేబులో ఏదో కుక్కారు. లెక్కపెట్టలేదు.

పరీక్ష చేసే ఆవిడ కోయంబత్తూరు నించి దిగారు, తంగమణి గారు.
ఒక టార్చీ, ఒక అయస్కాంతం,
దారం కట్టిన పాత ఫోటోల కట్ట.
కాఫీ వద్దన్నారు. నేలమీద గోనె పరుచుకుని
చక్రం వెనక చీకట్లోకి దూరిపోయారు.
లోపల్నించి మాటలొస్తున్నాయి:
"ఇక్కడ రంగు ఇంత మందం ఉండదే.
ఈ బోల్టు తల మీద అక్షరం ఏదీ?
ఈ అతుకు రుద్దిందెవరు?"
నేనేనండి.
"రోజుకి పది కార్లు దిగే షెడ్డులో
రుద్దే తీరిక ఎవడికుందయ్యా?"

ముందు కడ్డీకి పద్నాలుగు చిల్లులు, బరువు తగ్గడానికి.
ఫోటోలో తొమ్మిదోది పక్కకి జారింది.
షిఫ్టు ఆఖర్న, ఆకలి మీద వేసుంటాడు ఎవడో.
నేను దాన్ని పూడ్చి, కొలిచి, తిన్నగా వేశాను.
దానికి మార్కులు కోసేశారు.

ఏవండీ, తప్పు చెయ్యడం కూడా నేర్చుకోవాలా?
"ఆయ్" అన్నారు, అచ్చం మన వైపు మాటలాగే,
నవ్వకుండా.

ఆ రాత్రి కొత్త కడ్డీ బిగించుకుని కూచున్నాను.
ఎడం చేత్తో వేశాను: కావాలని జారినట్టే ఉంది.
కళ్లు మూసుకుని వేశాను: నడిమధ్యలో పడింది, పాడుది.
ముప్పై ఏళ్లు తిట్టి తిట్టి దారికి తెచ్చిన చెయ్యి,
ఇప్పుడు బతిమాలినా దారి తప్పదు.
బయట చెరువుల్లో ఏరేటర్లు
తెల్లార్లూ నీళ్లు చితక్కొడుతూనే ఉన్నాయి.

పొద్దున్నే గనిరాజుని పిలిచాను.
ఐటీఐ సగంలో వదిలేసి వచ్చాడు, పనిలో పదో రోజు.
ఇక్కడ వెయ్యరా అన్నాను. ఎందుకో చెప్పలేదు.
డ్రిల్లు రెండు చేతుల్తో పట్టుకున్నాడు, కోడిపుంజుని పట్టినట్టు.
బిట్టు రేకు మీద గంతేసింది, గీరింది, దిగింది.
ఫోటోలో జారినంత కాదు. జారిన వైపూ కాదు.
వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు, కొడతాననుకుని.

ఆవిడ ఆ చిల్లులోంచి టార్చీ వేసి
చాలాసేపు చూశారు.
ఏదో రాసుకున్నారు. చూపించలేదు.

ఆఖర్న మిల్లు కాటా మీదికి నెట్టాం.
తుప్పు కాటాయే, కానీ ఒకప్పుడు
రైతు బస్తాకి అరకేజీ కూడా వదలనిది.
కాయితంలో ఎనిమిది వందల పది.
కాటాలో ఎనిమిది వందల ఇరవై ఒకటి.
ట్యాంకు వంచి చూశాం, ఖాళీ.
డిక్కీలో స్పానరు కూడా లేదు.
సీటు కింద ఊక మిగిలిందేమోనని గనిరాజు చెయ్యి పెట్టి తడిమాడు.

ఆవిడ మాట్లాడకుండా అయస్కాంతం తీసి
నా తలుపుకి, నేను గెడ్డం చూసుకున్న తలుపుకి,
ఆనించి వదిలారు.
జర్రున జారి నా చెప్పు మీద పడింది.

వర్మ గారు ఫోను వచ్చినట్టు బయటికెళ్లారు.
నేను పుట్టీ బ్లేడు అందుకున్నాను.
ఎందాకా గీకాలండీ, అన్నాడు గనిరాజు.
అయస్కాంతం వాడి చేతిలో పెట్టాను,
ఇది పట్టుకునేదాకా.